బంధువై విడిపించిన రక్షకుడు

పాఠ్యభాగములు: రూతు 4:1–10, మార్కు 4:35–41, లూకా 4:16–21, లూకా 7:18–28, హెబ్రీయులకు 2:14–18
కంఠస్థము చేయవలసిన వాక్యము: లూకా 19:10



మన సంఘములలో రక్షకుడను మాట వినబడని ఆదివారము లేదు. పాటలో పాడుచున్నాము, ప్రార్థనలో పలుకుచున్నాము, క్రిస్మసు దినములలో గుడి గోడమీద వ్రాయుచున్నాము. చేతులు మారిన కొలది నాణెముమీది బొమ్మ అరిగిపోవునట్లు, ఎక్కువగా పలికిన మాటకు అర్థము అరిగిపోవుట కలదు. కాబట్టి ఈ నెల పాఠములో రెండు ప్రశ్నలు మాత్రమే వేసికొందము. ఆయన ఎవరు? ఆయన ఏమి చేయుటకు వచ్చెను?

ఇవి వేదాంత పాఠశాలలో పరీక్షకొరకు చదువు ప్రశ్నలని ఎవరును తలంచవద్దు. మన ఉద్దానములో కిడ్నీ జబ్బు ప్రవేశించిన గృహములు ఎన్నియో యున్నవి. వారమునకు రెండు మూడు మారులు భర్తను ఆటోలో కూర్చుండబెట్టుకొని డయాలసిస్‌కు పలాస తీసికొనిపోవు సహోదరీలను మనమెరుగుదుము. అట్టివారు పాదిరిని చూచి అడుగునదేమి? “అయ్యగారూ, యేసయ్య రక్షకుడు గదా, మా ఆయనను ఎందుకు బాగుచేయలేదు?” అని అడుగుదురు. మనమిచ్చు జవాబు, యేసు ఎవరని మనము నమ్ముచున్నామో దానినిబట్టి యుండును.

ఆయన ఒక గొప్ప బోధకుడు మాత్రమే యైనయెడల ఆమెకు మంచి మాటలు చెప్పి ఊరుకొనవలెను. ఆయన అడిగిన తక్షణమే రోగము తీయు వైద్యుడు మాత్రమే యైనయెడల, రోగము తీరనప్పుడు తప్పు ఆమె విశ్వాసముమీద వేయవలెను. ఆయన చనిపోయిన తరువాత ఆత్మను మాత్రము పరలోకమునకు చేర్చువాడైనయెడల, ఆమె భర్త శరీరమునుగూర్చి మనకు చెప్పుటకు ఏమియు లేదు. ఈ మూడును అరకొర జవాబులే. లేఖనము చెప్పునది వీటికంటె గొప్పది.

1. ఆయన పేరులోనే ఆయన పని యున్నది

యేసు అను నామము హెబ్రీ భాషలోని యెహోషువ అను పేరునుండి వచ్చినది. యెహోవాయే రక్షణ అని దాని భావము. మత్తయి 1:21లో దూత ఆ పేరు పెట్టుమని యోసేపునకు చెప్పినప్పుడు కారణము కూడ చెప్పెను. ఆయన తన ప్రజలను వారి పాపములనుండి విడిపించును గనుక ఆ పేరు. రోమీయుల పన్నులనుండి అని దూత అనలేదు, కరవునుండి అనలేదు. అన్నిటికి వేరైన పాపమునొద్దనే మొదలుపెట్టెను.

క్రీస్తు అనగా అభిషిక్తుడు. ఇశ్రాయేలీయులలో తైలముతో అభిషేకింపబడినవారు ముఖ్యముగా ముగ్గురు. ప్రవక్త దేవుని మాటను ప్రజలయొద్దకు తెచ్చును. యాజకుడు ప్రజల దోషమునకై బలిని దేవునియొద్దకు తెచ్చును. రాజు వారిని ఏలి శత్రువునుండి కాపాడును. మన కొరత కూడ మూడు విధములైనది. మనము దేవుని ఎరుగము గనుక ప్రవక్త కావలెను. మనము దోషులము గనుక యాజకుడు కావలెను. మనము బలహీనులము గనుక రాజు కావలెను. ఈ మూడు పనులు ఒక్క యేసునందే కూడియున్నవని మన విశ్వాసము.

2. విడిపించువానికి కావలసిన మూడు లక్షణములు

పాత నిబంధనలో ఒక మంచి ఆచారము కలదు. లేవీయకాండము 25వ అధ్యాయము చదువుడి. ఒకడు పేదవాడై తన పొలము అమ్ముకొనినయెడల అతని దగ్గర బంధువు వచ్చి దానిని విడిపింపవచ్చును. మరింత చితికి తన్నుతానే అమ్ముకొనినయెడల అతని అన్నదమ్ములలో ఒకడో, పినతండ్రియో, రక్తసంబంధియో వచ్చి అతనిని విడిపింపవచ్చును. ఇట్లు విడిపించు బంధువును హెబ్రీయులు గోయేల్ అనిరి. నయోమి, రూతు అను విధవరాండ్రకు బోయజు అట్టి బంధువాయెను.

విడిపించువానికి మూడు లక్షణములుండవలెను. అతడు రక్తసంబంధి కావలెను. పరాయివానికి ఆ హక్కు లేదు. అతనియొద్ద వెల చెల్లించుటకు తగిన సొత్తు ఉండవలెను. అప్పులలో నున్నవాడు మరియొకని అప్పు తీర్చలేడు. అతనికి ఇష్టముండవలెను. రూతు 4:6లో బోయజుకంటె దగ్గరి బంధువొకడు కనబడుచున్నాడు. హక్కు అతనికున్నది, ఇష్టము లేదు. తన స్వాస్థ్యము చెడిపోవునని భయపడి వెనుకతీసెను. అతని పేరైనను లేఖనము వ్రాయలేదు.

ఈ సంగతి మన యూళ్లలో ఎవరికైనను సులభముగా బోధపడును. ఆసుపత్రి ఖర్చులకై చేతి గాజులు, చివరకు మెడలోని పుస్తెలు సహితము తాకట్టులోనికి పోయిన ఇండ్లు మనమెరుగుదుము. వాటిని విడిపించుటకు అన్న రావలెను. అన్న నగలుకూడ అదే దుకాణములో తాకట్టుననున్న యెడల అన్నకు ప్రేమ యున్నను ఏమి ప్రయోజనము?

ఇంకొక దృష్టాంతము చెప్పుదుము. రెండు మూత్రపిండములును చెడిపోయినవానికి వేరొకరి మూత్రపిండము అమర్చు చికిత్స కలదు. 1994లో మన దేశములో చేయబడిన అవయవముల మార్పిడి చట్టము బ్రదికియున్న దాతల విషయములో దగ్గర బంధువులకే ముందు చోటిచ్చినది. తల్లి ఇయ్యవచ్చును, తోబుట్టువు ఇయ్యవచ్చును, భార్య ఇయ్యవచ్చును. అయితే వైద్యులు మొదట చూచునదేమి? ఇచ్చువానికి ఆ రోగము లేకుండవలెను. ఒకే ఇంటిలో తమ్మునికి ఇయ్యవలెనని వచ్చిన అన్నకు కూడ అదే జబ్బు ఉన్నదని పరీక్షలో తేలినయెడల, ఆ అన్న కన్నీళ్లతో తిరిగిపోవలసినదే. ఇచ్చువాడు మనవాడై యుండవలెను. మన రోగము లేనివాడై యుండవలెను. ఈ రెండును కూడవలెను.

హెబ్రీ పత్రిక 2:14 మరియు 4:15 వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. పిల్లలు రక్తమాంసములు గలవారు గనుక ఆయనకూడ రక్తమాంసములలో పాలివాడాయెను. అన్నివిధముల మనవలె శోధింపబడెను, పాపము మాత్రము ఆయనలో లేదు. మనవాడే; మన రోగము లేనివాడు. అయితే ఈ దృష్టాంతము ఒక హద్దు దాటి పోదు. మూత్రపిండము దానము చేయువాడు ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకొని బ్రదుకును. మన ప్రభువు తనకొరకు ఏమియు ఉంచుకొనలేదు.

3. ఒకే పడవలో రెండు స్వభావములు

తీరముననున్న మన సహోదరులకు మార్కు 4వ అధ్యాయము స్వంత కథవలె నుండును. సాయంకాలమాయెను, పడవ బయలుదేరెను, పెద్ద గాలి లేచెను, అలలు పడవలోనికి కొట్టుచుండెను. అప్పుడు యేసు పడవ వెనుక భాగమున తలక్రింద దిండు పెట్టుకొని నిద్రించుచుండెను. దినమంతయు బోధించి అలసియుండెను. వేటకు పోయి వచ్చిన మనిషి తీరమున వలమీదనే తలవాల్చి నిద్రపోవునట్లు నిద్రపోయెను. ఇది నటన కాదు. నిజమైన అలసట, నిజమైన నిద్ర. దేవుడు కునుకడని 121వ కీర్తన చెప్పుచున్నది. కాబట్టి అక్కడ నిద్రించువాడు నిజముగా మనుష్యుడు.

శిష్యులు లేపగా ఆయన లేచి గాలిని గద్దించెను, సముద్రముతో మాటలాడెను. గాలి అణగెను. ఆయన ప్రార్థించి దేవుని అడిగి ఆ పని చేయలేదు, తానే ఆజ్ఞాపించెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరమును తాకినప్పుడు ఆ గాలియెదుట నిలిచి మాటలాడగలవాడు మనలో ఎవడైన ఉండెనా? సముద్రపు పొంగును అణచువాడు దేవుడేయని 89వ కీర్తన చెప్పుచున్నది. కాబట్టి అక్కడ ఆజ్ఞాపించినవాడు నిజముగా దేవుడు.

నిద్రించినవాడొకడు, ఆజ్ఞాపించినవాడొకడు అని ఇద్దరు లేరు. పడవలోనున్న యేసు ఒక్కడే. సువార్తలన్నిటిలోను ఇట్లే కనబడుచున్నది. లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచినవాడే లాజరును పిలిచెను. సమరయ బావియొద్ద నీళ్లడిగినవాడే జీవజలమిత్తునని చెప్పెను. ఆ జీవజలమిచ్చువాడే సిలువమీద దాహమాయెనని పలికెను. మంచినీటికొరకు ఇన్ని యేండ్లు కష్టపడిన ఉద్దానము ఈ సంగతిని మరువకూడదు. దాహమనగా ఏమో మన రక్షకుడు పుస్తకములో చదివి తెలిసికొనలేదు.

ఈ సత్యము సంఘమునకు పోరాటము లేకుండ దక్కలేదు. యేసు శరీరము నిజమైనది కాదు, చూపునకు మాత్రమే యనువారు అపొస్తలుల కాలములోనే లేచిరి. వారికి జవాబుగానే 1 యోహాను 4:2 వ్రాయబడినది. తరువాత అలెక్సంద్రియ పట్టణములో అరియస్ అను పెద్ద, కుమారుడు దేవుడు కలుగజేసినవారిలో మొదటివాడేగాని తండ్రితో సమానుడు కాడని బోధించెను. 325వ సంవత్సరమున నీకయ పట్టణములో కూడిన మహాసభ దానిని త్రోసివేసి, కుమారుడు తండ్రితో ఏక స్వభావము గలవాడని ఒప్పుకొనెను. 2025తో ఆ సభకు 1700 సంవత్సరములు నిండెను. ఆ సత్యముకొరకు తరువాతి దినములలో అతనాసియస్ అను అధ్యక్షుడు అయిదు మారులు పట్టణమునుండి వెళ్లగొట్టబడెను. 451లో కల్కెదోను సభ, ఒక్క క్రీస్తునందు దైవ స్వభావమును మానవ స్వభావమును ఒకదానిలో ఒకటి కలిసి చెడిపోకయు, ఒకదానినుండి ఒకటి విడిపోకయు ఉన్నవని తీర్మానించెను.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. కారణము సులభము. ఆయన దేవుడు కానియెడల ఆయనయొద్ద వెల లేదు. ఆయన మనుష్యుడు కానియెడల ఆయనకు బంధువు హక్కు లేదు. నజియంజుకు చెందిన గ్రెగొరీ అను భక్తుడు నాలుగవ శతాబ్దములో దీనినే వేరొక రీతిగా బోధించెను. క్రీస్తు మనలో ఏ భాగమును ధరింపలేదో ఆ భాగము స్వస్థత పొందదు అని అతని వాదము. ఆయన మన శరీరమును, మన మనస్సును, మన దుఃఖమును, మన మరణమును సహా ధరించెను. గనుక స్వస్థతకు వెలిగా ఏదియు మిగులలేదు.

4. పొరుగువారితో మాటలాడునప్పుడు

మన పొరుగువారికి దేవుడు దిగివచ్చుట అను తలంపు క్రొత్త కాదు. కూర్మావతారమునకు ప్రసిద్ధిపొందిన శ్రీకూర్మము మన జిల్లాలోనే యున్నది. కనుక యేసును కూడ అవతారములలో ఒకటిగా ఎంచి గౌరవించువారు అనేకులు కలరు. వారి గౌరవమును మనము తృణీకరింపరాదు. మన క్రైస్తవ కవులు, బోధకులు కూడ నరావతారము అను మాటను వాడిరి. అయితే మాట ఒకటే యైనను మనము చెప్పునది ఏమో స్పష్టముగా ఎరిగియుండవలెను.

మొదటిది, ఆయన రాకడ ఒక్కసారియే, అందరికొరకు. రెండవది, అది చరిత్రలో జరిగినది. ఔగుస్తు కైసరు దినములలో పుట్టి, పొంతి పిలాతు దినములలో శ్రమపడెను. మూడవది, ఆయన దుష్టులను సంహరించుటకు కాక వారిని వెదకి రక్షించుటకు వచ్చెను. నాలుగవది, పని ముగిసిన తరువాత ఆయన మనుష్యత్వమును వస్త్రమువలె విడిచిపెట్టలేదు. లేచిన దేహములో మేకుల గురుతులుండెను. దేవునికిని నరులకును మధ్యవర్తియైన క్రీస్తుయేసు నేటికిని నరుడేయని 1 తిమోతి 2:5 బోధించుచున్నది. మన బంధువు పరలోకమునకు పోయి బంధుత్వము మరచిపోలేదు.

5. నజరేతులో చదివిన గ్రంథము

ఇక రెండవ ప్రశ్న. ఆయన ఏమి చేయుటకు వచ్చెను? నజరేతు సమాజమందిరములో ఆయన యెషయా గ్రంథము విప్పి 61వ అధ్యాయము మొదటి మాటలు చదివెను. బీదలకు సువార్త, చెరలోనివారికి విడుదల, గ్రుడ్డివారికి చూపు, నలిగినవారికి విముక్తి, ప్రభువు కటాక్షించు సంవత్సరము. దాని తరువాత యెషయా ప్రతిదండన దినమునుగూర్చి వ్రాసియున్నాడు. యేసు అక్కడికి రాకముందే గ్రంథము చుట్టి ఇచ్చివేసి కూర్చుండెను. తీర్పు దినము లేదని కాదు. ఇది కటాక్ష కాలము అని.

ఆ మాటలను మన తీరమునందు నిలుచుండి చదువుదము.

బీదలు ఎవరు? పలాస కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమలున్నవి. అక్కడ జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు స్త్రీల చేతులు చూడుడి. తొక్కలోని జీడినూనె తగిలి చర్మము నల్లబడి కాలిపోవును. పెండ్లిండ్లలోను పండుగలలోను పప్పు తినువారు ఆ చేతులను చూడరు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువు వాటిని చూచును. ఆయన సువార్త మొదట ఆ చేతులకే పంపబడినది.

చెరలోనివారు ఎవరు? 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు, వారిలో ఎక్కువమంది మన జిల్లావారు, పాకిస్తాను అధికారుల చేతికి చిక్కి కరాచీ చెరసాలలో పెట్టబడిరి. 2020 జనవరిలో వారిలో ఇరువదిమంది వాఘా సరిహద్దునొద్ద అప్పగింపబడి ఇల్లు చేరిరి. విడుదల అను మాటకు అర్థము తెలియవలెనన్న ఆ కుటుంబములను అడుగవలెను.

గ్రుడ్డివారికి చూపు ఎక్కడ? సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను ఆరోగ్యవరము ఆసుపత్రి కలదు. అక్కడ సేవచేసిన డాక్టరు బెన్ గల్లిసన్‌గారు తన స్వదేశమునకు పోయినప్పుడు ఇచ్చటి కంటి రోగుల అవసరమును అక్కడివారికి తెలియజేసెను. కాల్గరీ పట్టణస్థుడగు ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారి ఆ మాట విని కదలింపబడెను. దాని ఫలితముగా 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సేవాసంస్థ పుట్టి, తరువాత అనేక దేశములలో కంటి వైద్యమునకు తోడ్పడెను. సోంపేటలో వెలిగిన దీపము దూరదేశములకు వెలుగిచ్చెను. లూకా 4వ అధ్యాయము నమ్మినవారి చేతులలో అది ఎట్లు పని చేయునో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

నలిగినవారు ఎవరు? మధుమేహము లేదు, రక్తపోటు లేదు, అయినను మూత్రపిండములు చెడిపోయిన మన రైతులు, కూలీలు. శ్రీలంకలోను, మధ్య అమెరికా దేశములలోను ఇట్టి వ్యాధియే పేద కష్టజీవులను పట్టుచున్నది. నీరా, ఎండలోని కష్టమా, మరేమైననా అని పండితులు వెదకుచునేయున్నారు. కారణము ఇదియని ఇంకను తేలలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రము ప్రారంభింపబడినవి. అదే దినమున హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానమునకు తెచ్చు పథకము ప్రారంభమాయెను. మంచినీరు, మంచి వైద్యము దేవుని ఈవులే. వాటికొరకు కృతజ్ఞత చెప్పుటయు, అవి ప్రతి గడపకు చేరునట్లు అడుగుటయు మన విధి.

6. విడుదల పొందని ఒక ఖైదీ

ఇప్పుడు మొదట విన్న సహోదరి ప్రశ్నకు వత్తము. చెరలోనివారికి విడుదల ప్రకటించిన ప్రభువునకు స్వంత బంధువొకడు చెరలో నుండెను. అతడు బాప్తిస్మమిచ్చు యోహాను. అతడు తన శిష్యులను పంపి, రావలసినవాడవు నీవేనా, మరియొకనికొరకు కనిపెట్టవలెనా అని అడిగించెను. ఇది అవిశ్వాసి ప్రశ్న కాదు. నది ఒడ్డున యేసును లోకమునకు చూపించినవాడే చెరసాలలో కూర్చుండి ఇట్లడిగెను. మన సహోదరి అడిగినదియు ఇదియే.

లూకా 7:22లోని ప్రభువు జవాబును జాగ్రత్తగా చదువుడి. గ్రుడ్డివారు చూచుచున్నారు, కుంటివారు నడచుచున్నారు, కుష్ఠరోగులు శుద్ధులగుచున్నారు, చెవిటివారు వినుచున్నారు, చనిపోయినవారు లేచుచున్నారు, బీదలు సువార్త వినుచున్నారు. నజరేతులో చదివిన జాబితా దాదాపుగా అంతయు కలదు. అయితే చెరలోనివారికి విడుదల అను మాట మాత్రము లేదు. చెరలోనున్న మనిషికి పంపిన జవాబులోనే అది లేదు. తరువాత యోహాను బయటికి రాలేదు. హేరోదు అతనిని చంపించెను.

ప్రభువు అతనిని ప్రేమింపలేదా? వర్తమానికులు వెళ్లిన వెంటనే యోహాను వంటి గొప్పవాడు స్త్రీలు కనినవారిలో లేడని జనులందరియెదుట చెప్పెను. ఎందుకు సందేహపడితివని గద్దింపలేదు. నీ విశ్వాసము చాలలేదని కబురంపలేదు. కాబట్టి ప్రియులారా, రోగము తీరని ఇంటికి పోయి విశ్వాసము తక్కువైనదని చెప్పుటకు మనలో ఎవరికి అధికారమున్నది? పౌలు ముల్లు తీయబడలేదు. త్రోఫిము మిలేతులో రోగియై విడువబడెను. వీరు విశ్వాసములేనివారా?

మరి విడుదల ఎక్కడ? రక్షకుని పనికి అడుగున సిలువ యున్నది. మార్కు 10:45 ప్రకారము ఆయన సేవచేయుటకును, అనేకులకొరకు తన ప్రాణమును వెలగా చెల్లించుటకును వచ్చెను. రోగము, చెర, లేమి, వీటన్నిటి వెనుక పాపము, మరణము అను పెద్ద తాకట్టు కలదు. ఒక్కొక్క నగను విడిపించినను మూలపు అప్పు నిలిచియుండగా మరల పోవును. యేసు స్వస్థపరచిన ప్రతివాడును తరువాత ఒక దినమున చనిపోయెను. లాజరు రెండవసారి చనిపోయెను. అందుచేత ప్రభువు ఆ మూలపు అప్పునొద్దకు పోయెను. దోషులు పొందవలసిన తీర్పును నిర్దోషియైన బంధువు భరించెను. మూడవదినమున లేచెను. రోగులను స్వస్థపరచినప్పుడు ఆయన చూపించినది మచ్చు. పునరుత్థానమున ఇయ్యబోవునది పూర్తి పంట.

యోహానుకు హేరోదు చెర తెరువబడలేదు. హేరోదుకూడ తప్పించుకొనలేని చెర, అనగా మరణము, యోహానుకు తెరువబడినది. మన సహోదరికి మేము చెప్పగలది ఇదియే. అమ్మా, ఆయన ఇంకను రక్షకుడే. నీ భర్తయొద్ద ఆ మంచముప్రక్కను ఆయన యున్నాడు. సూది నొప్పి, దాహము, మరణభయము ఎరిగినవాడై యున్నాడు. నేడు బాగుచేసినయెడల స్తోత్రము చేయుదము. చేయనియెడల సమాధి వరకు వచ్చి, దానిని దాటించి తీసికొనిపోవుటకు ఆయనకు శక్తి కలదు.

7. మనము చేయవలసినవి

మొదటిది, ఎవరి పాపమువలన ఈ జబ్బు వచ్చెనని వెదకవద్దు. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అట్లడుగగా ప్రభువు ఒప్పుకొనలేదు. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు వారు ఇతరులకంటె పాపులు కారని చెప్పెను.

రెండవది, ప్రార్థన పేరుతో మందు మానుమని గాని డయాలసిస్ మానుమని గాని ఎవరైన చెప్పినయెడల వినవద్దు. లూకా వైద్యుడై యుండెను, పౌలు అతనిని ప్రియుడని పిలిచెను. తిమోతి కడుపు జబ్బునకు పౌలు ప్రార్థన మాత్రమే కాదు, ఔషధము కూడ చెప్పెను. ప్రార్థనయు చికిత్సయు ఒకే తండ్రి చేతినుండి వచ్చినవి. నొప్పిమాత్రలు ఇష్టము వచ్చినట్లు మ్రింగకుడి; మూత్రపిండములకు అవి హాని చేయునని వైద్యులు చెప్పుచున్నారు. కష్టము కనబడకముందే రక్తపరీక్ష చేయించుకొనుడి. ఈ జబ్బు చాలాకాలము దాగియుండును.

మూడవది, విడిపించు బంధువు మనకు కలిగెను గనుక మనము ఇతరులకు బంధువులము కావలెను. డయాలసిస్ దినమున రోగికి తోడు పోవుటకు ప్రతి సంఘములో కొందరు యౌవనస్థులు వంతులు వేసికొనవచ్చును. ఆ దినమున ఆ ఇంటి పిల్లలకు అన్నము పెట్టవచ్చును. కులమును, సంఘమును, మతమును అడుగవద్దు. మంచి సమరయుడు అడుగలేదు.

8. తోటలో ముగియు కథ

ఉద్దానము అను పేరు ఉద్యానవనమునుండి కలిగెనని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస, మామిడి గల ఈ నేలకు తోట అను పేరు తగినదే. తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటను పడగొట్టెను. తాతలు నాటిన చెట్లు వేళ్లతో పెల్లగిలి ప్రక్కప్రక్కన పండుకొనెను.

లేఖనము కూడ తోటలోనే ఆరంభమగుచున్నది. మొదటి ఆదాము తోటలో తన చిత్తమును ఎంచుకొని దానిని పోగొట్టుకొనెను. రెండవ ఆదాము గెత్సేమనే తోటలో తండ్రి చిత్తమును ఎంచుకొని చెమటోడ్చెను. ఆయన సమాధి తోటలోనే యుండెనని యోహాను 19:41 చెప్పుచున్నది. లేచిన ప్రభువును మరియ మొదట చూచి తోటమాలి యని తలంచెను. ఆమె పొరబడినను ఆ పేరులో సత్యమున్నది. పడిపోయిన తోటను మరల నాటుటకు ఆయన వచ్చెను. రోమా 8వ అధ్యాయములో సృష్టియంతయు ఆ దినముకొరకు మూల్గుచున్నదని పౌలు వ్రాసెను.

తిత్లీ తరువాత మన రైతులు ఊరుకొనలేదు. విత్తనపు కొబ్బరికాయలు మట్టిలో పెట్టి మొలకెత్తించి మరల నాటిరి. నాటు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టునని తెలిసియు నాటిరి. కాయ మట్టిలోనికి పోయినది ముగింపు కాదని వారెరుగుదురు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో పౌలు విత్తనమునుగూర్చి వ్రాసినది ఉద్దానము రైతునకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. మన స్మశానములో మనము పెట్టిన దేహములను సహా తోటమాలి లెక్కపెట్టి యుంచియున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. విడిపించు బంధువునకు కావలసిన మూడు లక్షణములేవి? యేసునందు అవి ఎట్లు కనబడుచున్నవి?
2. మార్కు 4:35–41లో యేసు నిజమైన మనుష్యుడనియు నిజమైన దేవుడనియు ఏయే మాటలవలన తెలియుచున్నది?
3. లూకా 4:18ని లూకా 7:22తో పోల్చుడి. ఏ మాట విడువబడినది? అది మనకు ఏమి నేర్పుచున్నది?
4. రోగము తీరని ఇంటిలో మనము చెప్పకూడని మాటలేవి? చేయదగిన పనులేవి?
5. మీ గ్రామములో చికిత్సకు పోవు ఒక కుటుంబమునకు మీ సంఘము ఈ నెలలో చేయగల సహాయమేది?

ప్రార్థన

మా బంధువును మా దేవుడవునైన యేసు ప్రభువా, నీవు మా రక్తమాంసములు ధరించి మా అప్పు చెల్లించితివి గనుక నీకు స్తోత్రము. ఉద్దానములోని రోగులను, వారికి సేవచేయు వైద్యులను, నర్సులను, కారణము వెదకు పండితులను జ్ఞాపకము చేసికొనుము. విధవరాండ్రకు అండగా నుండుము. సముద్రముమీదనున్నవారిని కాపాడుము. స్వస్థత కలిగినప్పుడు గర్వింపకయు, కలుగనప్పుడు తొట్రిల్లకయు నీయందు నిలుచు కృప మాకు దయచేయుము. ఆమేన్.